లాప్‌టాప్ మీద నీళ్లో, కాఫీనో ఒలికితే ఏం చేయాలి: మొదటి నిమిషం నుంచి మళ్లీ ఆన్ చేసేదాకా

"లాప్‌టాప్ మీద నీళ్లు పడ్డాయి. రెండు రోజులు ఆరబెట్టాను. ఇప్పుడు ఆన్ చేయొచ్చా?" లాప్‌టాప్‌లు విప్పి బాగుచేస్తానని తెలిసినవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇదే. దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేను. ఒలికింది మంచినీళ్లా, చక్కెర వేసిన కాఫీనా? వెంటనే ఆపేశారా, పని ముగించుకుని ఆపారా? బ్యాటరీ విడదీశారా? జవాబు వీటి మీద ఆధారపడుతుంది.

రెండు విషయాలు మాత్రం ముందే తెలియాలి. లాప్‌టాప్‌ను దెబ్బతీసేది తడి ఒక్కటే కాదు, ఆ తడిలో కరెంటు పారడం. అందుకే మొదట చేయాల్సింది తుడవడం కాదు, కరెంటు తెంచడం. రెండోది, ఆరిపోయినంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు. నీరు ఆవిరైపోయినా అందులోని ఉప్పు, చక్కెర, పాలు లోపలి సర్క్యూట్ బోర్డు మీదే మిగిలిపోతాయి. కుళాయి చుట్టూ కట్టే తెల్లటి పొర లాంటిదే లోపల సన్నటి తీగల మధ్య కూడా కడుతుంది. గాలిలో తేమ తగిలినప్పుడల్లా అది మళ్లీ కరెంటును దారి తప్పిస్తుంది, లోహాన్ని తినేస్తుంది.

ఇప్పుడే ఒలికిపోయి, ఫోన్‌లో ఇది చదువుతుంటే కింది జాబితా వదిలేసి నేరుగా 1వ స్టెప్‌కు వెళ్లండి.

కావలసినవి

- పొడి టవల్, నూలు రాలని మెత్తటి గుడ్డ, టిష్యూలు
- మీ మోడల్‌కు సరిపోయే చిన్న స్క్రూడ్రైవర్లు. చాలా లాప్‌టాప్‌లకు చిన్న ఫిలిప్స్ (ప్లస్ గుర్తు కొస), కొన్నింటికి టార్క్స్ టీ5 (ఆరు కోణాల నక్షత్రం కొస), మ్యాక్‌బుక్‌లకు పెంటలోబ్ పీ5 (ఐదు రేకుల పువ్వు కొస) కావాలి
- మూత ఊడదీయడానికి ప్లాస్టిక్ పుల్ల లేదా పాత ప్లాస్టిక్ కార్డు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 90 శాతానికి తగ్గకుండా. 99 శాతం దొరికితే ఇంకా మంచిది
- డిస్టిల్డ్ వాటర్ (తీపి పానీయమో, పాలో పడితేనే)
- మెత్తటి కొత్త టూత్‌బ్రష్, టార్చ్, ఒక ఫ్యాన్

స్టెప్ 1: కరెంటు ఆపండి

చార్జర్ పెట్టి ఉంటే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి, ఆ తర్వాత లాప్‌టాప్ నుంచి పిన్ను లాగేయండి. ప్లగ్గో, ఎక్స్‌టెన్షన్ బోర్డో తడిసి ఉంటే దాన్ని ముట్టుకోకండి, మెయిన్ దగ్గర ఆపండి.

వెంటనే పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. మెనూలోకి వెళ్లి షట్‌డౌన్ కొట్టొద్దు. అది ప్రోగ్రాములన్నీ మూసుకుంటూ కూర్చుంటుంది, ఒక్కోసారి అప్‌డేట్ కూడా మొదలుపెడుతుంది. సేవ్ చేయని ఫైలు పోతుందేమోనని ఆగకండి. ఆ ఒక్క ఫైలు కోసం ఆగితే మొత్తం మెషీనే పోవచ్చు.

చాలామంది కంగారులో మూత మూసేస్తారు. మూత మూస్తే లాప్‌టాప్ నిద్రలోకి వెళ్తుంది అంతే, ఆఫ్ కాదు. పైగా తడిసిన కీబోర్డు స్క్రీన్‌కు అతుక్కుని ఆ తడి దానికీ పాకుతుంది.

హెచ్చరిక: కాలిన వాసన, పొగ, బుస్సుమనే శబ్దం వచ్చినా, అడుగు భాగం బాగా వేడెక్కినా, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపించినా మిగతా స్టెప్పులు చేయొద్దు. అది లిథియం బ్యాటరీ దెబ్బతిన్న గుర్తు కావచ్చు. పొగో, బుస్సుమనే శబ్దమో వస్తుంటే దాన్ని ముట్టుకోకుండా అందరూ దూరం జరగండి, మంట లేస్తే ఫైర్ సర్వీస్‌ను పిలవండి. ఉబ్బు మాత్రమే ఉంటే మంట అంటుకోని చోట పెట్టి టెక్నీషియన్‌ను పిలవండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, నొక్కడం, చార్జ్ చేయడం ప్రమాదం.

స్టెప్ 2: తగిలించినవన్నీ తీసి, తడి అద్దండి

మౌస్, పెన్‌డ్రైవ్, హెడ్‌ఫోన్, మెమరీ కార్డు, డాంగిల్, అన్నీ తీసేయండి. పైన నిలిచిన తడిని టిష్యూతో అద్దండి. రుద్దితే కీల సందుల్లోకి దిగుతుంది. ఏ కీ పనిచేస్తుందో చూద్దామని నొక్కకండి. ప్రతి నొక్కుకూ కింది పొరల్లోకి ఇంకాస్త నీరు వెళ్తుంది.

స్టెప్ 3: బోర్లించండి

మూతను వీలైనంత తెరిచి, కీబోర్డు కిందికి ఉండేలా టేబుల్ మీద పరిచిన టవల్‌పై బోర్లించండి. స్క్రీన్ టేబుల్ అంచు నుంచి కిందికి వేలాడాలి. చాలా లాప్‌టాప్‌లలో కీబోర్డు కిందే మదర్‌బోర్డు, అంటే ప్రధాన సర్క్యూట్ బోర్డు ఉంటుంది. అటు దిగుతున్న నీటిని వచ్చిన దారినే వెనక్కి రప్పించడం ఇక్కడ మన ఉద్దేశం. టవల్ తడిస్తే మార్చండి.

బోర్లించకూడని సందర్భాలు రెండున్నాయి. కొన్ని థింక్‌ప్యాడ్ మోడళ్లలో కీబోర్డు మీద పడిన నీరు అడుగున ఉన్న రంధ్రాల గుండా జారిపోయే ఏర్పాటు ఉంటుంది. అలాంటివాటిని మామూలుగానే ఉంచి, కింద ఏదైనా ఎత్తు పెట్టి నీరు కారనివ్వాలి. రెండోది, టేబుల్ మీద నిలిచిన నీరు అడుగు నుంచి గాలి సందుల్లోకి వెళ్లినప్పుడు. అక్కడ బోర్లిస్తే ఆ నీటిని మీరే లోపలికి పంపినట్టవుతుంది.

ఊపడం, దులపడం అసలు వద్దు. తడవని భాగాలు కూడా తడుస్తాయి.

స్టెప్ 4: బ్యాటరీ విడదీయండి

ఎక్కువమంది వదిలేసేది, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. లాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ బోర్డులో కొన్ని చోట్లకు కరెంటు అందుతూనే ఉంటుంది. పవర్ బటన్ ఎప్పుడు నొక్కుతారా అని ఎదురుచూసే సర్క్యూట్ కూడా అందులో ఒకటి. ఆ కరెంటు, ఈ తడి కలిస్తే లోహం కరిగి చిలుము పట్టడం మొదలవుతుంది. రెండు రోజులు శ్రద్ధగా ఆరబెట్టినా లాప్‌టాప్ లేవకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే: ఆరుతున్న ఆ రెండు రోజులూ బ్యాటరీ లోపల తన పని తాను చేసుకుపోయింది.

పాత మోడళ్లలో అడుగున గొళ్లెం జరిపితే బ్యాటరీ ఊడి వస్తుంది. ఇప్పటి మోడళ్లలో అడుగు మూత విప్పాలి. విప్పేముందు వారంటీ చూసుకోండి. మామూలు వారంటీ సాధారణంగా నీటి నష్టానికి వర్తించదు. ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి విడిగా ప్లాన్ కొని ఉంటే మాత్రం విప్పకుండా ఆ రోజే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి. తడవలేదని అబద్ధం చెప్పి లాభం లేదు. కొన్ని లాప్‌టాప్‌ల లోపల తడి తగిలితే తెలుపు నుంచి ఎరుపుకు మారే చిన్న స్టిక్కర్లు ఉంటాయి.

విప్పాలనుకుంటే ముందు మీ మోడల్ పేరు, నంబరుతో సర్వీస్ మాన్యువల్ వెతకండి. తర్వాత:

- స్క్రూలు ఒక్కోటి ఒక్కో పొడవు ఉండొచ్చు. కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూ ఆ చోట పెట్టండి. పొడవాటి స్క్రూను పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకు తూటు పడొచ్చు.
- మూత రాకపోతే బలవంతం చేయకండి. రబ్బరు కాళ్ల కింద ఇంకో స్క్రూ దాగి ఉండొచ్చు.
- బ్యాటరీ అంటించి ఉంటే దాన్ని పెకలించనక్కర్లేదు. బోర్డుకు తగిలించిన కనెక్టర్ తీస్తే చాలు. కొన్ని పైకి వస్తాయి, కొన్ని పక్కకు జరుగుతాయి, కొన్నింటికి సన్నటి లోహపు గొళ్లెం ఉంటుంది. ఎటు వస్తుందో చూసి ప్లాస్టిక్ పుల్లతో తీయండి, వైర్లు పట్టుకుని లాగొద్దు.
- తీసే ముందు ఒక ఫోటో తీసుకోండి.

ధైర్యం చాలకపోతే ఇక్కడే ఆగండి. ఆఫ్‌లో ఉన్నదాన్ని అలాగే అదే రోజు టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లి "ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయండి" అని చెప్పండి. మర్నాటికి వాయిదా వేయకండి.

స్టెప్ 5: ఏం ఒలికిందో చూసి నిర్ణయించుకోండి

కొద్దిగా మంచినీళ్లు కీబోర్డు మీద పడి, లోపల తడి కనిపించకపోతే 7వ స్టెప్‌కు వెళ్లొచ్చు.

చక్కెర వేసిన టీ, కాఫీ, జ్యూస్, కూల్‌డ్రింక్, పాలు అయితే ఆరబెట్టడం సరిపోదు, శుభ్రం చేయాల్సిందే. అవి ఆరాక జిగురు పట్టి తేమను పీల్చుకుంటూ ఉంటాయి. ఉప్పు నీళ్లు, సముద్రపు నీళ్లు, సూప్, సబ్బు నీళ్లు, పెంపుడు జంతువుల మూత్రం ఇంకా ప్రమాదం. వీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి గంటల్లోనే చిలుము పడుతుంది. ఇలాంటివి పడితే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా నేరుగా మదర్‌బోర్డు పని తెలిసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లమని నా సలహా.

స్టెప్ 6: లోపల చూసి శుభ్రం చేయండి

బ్యాటరీ కనెక్షన్ తీసే ఉండాలి. గాలి ఆడే చోట కూర్చోండి. ఆల్కహాల్ ఆవిరికి మంట తేలిగ్గా అంటుకుంటుంది, దగ్గర్లో పొయ్యి, అగ్గిపుల్ల, సిగరెట్ ఉండకూడదు.

టార్చ్‌ను నేరుగా కాకుండా పక్కనుంచి వాలుగా పట్టి బోర్డు మీద తిప్పండి. తడి ఉంటే మెరుస్తుంది. ఆరిపోయి ఉంటే అంచుల్లో ముదురుగా ఉన్న మరక వలయాలు కనిపిస్తాయి. చిప్‌ల సన్నటి కాళ్ల మధ్య తెల్లటి పొడి, కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చటి పొలుసు ఉన్నాయేమో చూడండి. కీబోర్డు నుంచి బోర్డుకు వచ్చే చదునైన కేబుల్‌ను తప్పక పరిశీలించండి. దాని గొళ్లెం మెల్లగా పైకి లేపి, కేబుల్ బయటికి తీసి, కొసన ఉన్న బంగారు రంగు గీతలు చూడండి. అన్నీ ఒకే రంగులో మెరవాలి. ఏ గీతైనా నల్లబడి ఉంటే నీరు అక్కడిదాకా వచ్చిందన్నమాటే.

తీపి పానీయం పడితే ముందు డిస్టిల్డ్ వాటర్. ఆల్కహాల్‌లో చక్కెర దాదాపు కరగదు, దానితోనే మొదలుపెడితే జిగురును అటూ ఇటూ పులమడమే అవుతుంది. బ్రష్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, విదిల్చి, జిగురున్న చోట మెల్లగా రుద్ది, టిష్యూతో అద్దండి. నీళ్లు పోయకండి. జిగురు పోయాక అదే చోట ఆల్కహాల్‌తో రుద్దండి. మిగిలిన నీటిని అది తనతో కలుపుకుని త్వరగా ఆవిరైపోతుంది. మంచినీళ్లు పడిన చోట ఆల్కహాల్ ఒక్కటే చాలు.

స్క్రీన్, స్పీకర్లు, బ్యాటరీ, ఫ్యాన్ ఇరుసు, తిరిగే హార్డ్ డిస్క్‌ల మీద ఆల్కహాల్ పడనివ్వకండి. నెయిల్ పాలిష్ రిమూవర్, సెంటు, శానిటైజర్ జెల్ దీనికి బదులు కావు. మొదటిది ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, మిగతా రెండూ ఇంకో పొరను వదిలిపెడతాయి.

బోర్డు మీది చిన్న లోహపు మూతల కింద, పెద్ద చిప్‌ల అడుగున చేరిన మురికిని బ్రష్ అందుకోలేదు. అక్కడ తడి చేరిందని అనుమానం వస్తే బోర్డును బయటికి తీసి అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో (ధ్వని తరంగాలతో ద్రవంలో మురికి వదిలించే యంత్రం) శుభ్రం చేయాలి. ఆ పని షాపుకే వదిలేయండి.

కీబోర్డు సంగతి వేరు. అందులో పల్చటి ప్లాస్టిక్ పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, వాటి మధ్య దిగిన తీపిని బయటి నుంచి కడగలేం. ఎంత తుడిచినా కీలు అంటుకుంటూ ఉంటే కొత్త కీబోర్డే దారి.

స్టెప్ 7: ఆరబెట్టండి

అడుగు మూత తీసే ఉంచి, కాస్త దూరం నుంచి మామూలు ఫ్యాన్ గాలి తగలనివ్వండి. కనీసం 48 గంటలు, వీలైతే 72. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఇంకో రోజు. మూత విప్పని లాప్‌టాప్‌కు కూడా ఇంకో రోజు కలపండి.

బియ్యం డబ్బాలో పెట్టొచ్చా అని తప్పకుండా అడుగుతారు. వద్దు. మూసి ఉన్న పెట్టె లోపలి తడిని బయట ఉన్న బియ్యం లాగలేదు. దుమ్ము, పిండి, నూకలు మాత్రం పోర్టుల్లోకి వెళ్తాయి. తడిసిన ఐఫోన్‌ను బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ కూడా తన సూచనల్లో రాసింది. సిలికా జెల్ పొట్లాలు పెడితే నష్టం లేదు, కానీ వాటికంటే కదిలే గాలే ఎక్కువ పనిచేస్తుంది.

హెయిర్ డ్రయర్ వేడి గాలికి కీలు వంకరపోతాయి, లోపలి జిగురు వదులవుతుంది, తడి ఇంకా లోతుకు పోతుంది. ఎండలో పెడితే బ్యాటరీ వేడెక్కుతుంది. ఒవెన్, హీటర్ మాటే ఎత్తొద్దు.

ఆరిందని ఎలా తెలుస్తుంది? టిష్యూను సన్నగా మడిచి పోర్టుల అంచుల్లో, కీల సందుల్లో మెల్లగా ఆనించండి, తడి అంటకూడదు. స్క్రీన్ లోపలి వైపు మసక, నీటి మరక ఉండకూడదు. టార్చ్ వాలుగా వేస్తే బోర్డు మీద ఎక్కడా మెరుపు కనిపించకూడదు. మధ్యమధ్యలో ఆన్ చేసి చూడటం ఆరిందో లేదో తెలుసుకునే పద్ధతి కాదు. పోగొట్టుకునే పద్ధతి అది.

స్టెప్ 8: ఆన్ చేయండి

1. చార్జర్ కూడా తడిసి ఉంటే దాన్ని వాడకండి. అదే వోల్టేజి, సరిపడా వాట్లు ఉన్న వేరేది తెచ్చుకోండి.
2. కేబుళ్లన్నీ తిరిగి పెట్టి, బ్యాటరీ కనెక్టర్ చివర్లో తగిలించండి. మూత పెట్టి రెండు మూడు స్క్రూలు బిగిస్తే ప్రస్తుతానికి చాలు.
3. గట్టి టేబుల్ మీద పెట్టి, చార్జర్ లేకుండా పవర్ బటన్ నొక్కండి.
4. మొదటి 5 నిమిషాలు పక్కనుంచి కదలకండి. వాసన వచ్చినా, ఒకే చోట వేడి పెరిగినా వెంటనే ఆపి, బ్యాటరీ మళ్లీ విడదీయండి.

ఆన్ కాకపోతే బ్యాటరీ ఖాళీ అయి ఉండొచ్చు. అప్పుడు చార్జర్ పెట్టి 15 నిమిషాలు చూడండి. లైటు వెలగకపోయినా, వెలిగి ఆరుతున్నా బోర్డులో ఎక్కడో షార్ట్ ఉందని అనుమానించాలి. ఇంకోసారి, ఇంకోసారి అని నొక్కుతూ పోకండి. ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ నల్లగా ఉంటే చీకట్లో టార్చ్ వేసి చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే పాడైంది స్క్రీన్ లైటో, దాని కేబులో కావచ్చు. వేరే మానిటర్ తగిలిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. దానంతటదే ఆన్, ఆఫ్ అవుతుంటే పవర్ బటన్ కీబోర్డులో భాగమేమో చూడండి. అంటుకుపోయిన ఆ ఒక్క బటన్ వల్లే అలా జరగొచ్చు.

ఆన్ అయిందా? సంబరపడేముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌లోకో, క్లౌడ్‌లోకో కాపీ చేయండి. మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే.

స్టెప్ 9: ఒక్కొక్కటి పరీక్షించండి

నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ వరుసగా నొక్కండి. ఒక నొక్కుకు ఒక అక్షరమే రావాలి. చేయి తీసినా అక్షరాలు వాటంతట అవే పడుతుంటే, ఒక వరుస మొత్తం పనిచేయకపోతే కీబోర్డు పొరల్లో తడో, చిలుమో ఉంది. దాన్ని బాగుచేయించేదాకా యూఎస్‌బీ కీబోర్డుతో పని నడుపుకోవచ్చు.

తర్వాత టచ్‌ప్యాడ్, ప్రతి పోర్టు, వైఫై, కెమెరా, మైకు, రెండు స్పీకర్లు. చార్జర్ పెట్టి అరగంటలో బ్యాటరీ శాతం పెరుగుతుందో లేదో చూడండి. స్క్రీన్ మొత్తం తెల్ల పేజీ పెట్టి మరకలు వెతకండి. స్క్రీన్ లోపలి పొరల్లో ఇంకిన మరక ఆరినా సాధారణంగా పోదు. దానివల్ల ఇబ్బంది లేకపోతే అలాగే వాడుకోవచ్చు.

అన్నీ బాగానే ఉన్నా, తీపిదో ఉప్పగా ఉన్నదో పడి లోపల శుభ్రం చేయకపోతే పని అయిపోలేదు. చిలుము నిదానంగా పాకుతుంది. కొన్ని వారాలు బాగా నడిచి ఒక రోజు హఠాత్తుగా ఆగిపోయే లాప్‌టాప్‌లు ఎక్కువగా ఇలాంటివే. ఆ కొన్ని వారాలూ రోజూ బ్యాకప్ తీస్తూ, వీలైనంత త్వరగా ఒకసారి విప్పించి చూపించండి.

లాప్‌టాప్ లేవకపోతే ఫైళ్లు పోయినట్టేనా?

చాలాసార్లు కాదు. ఫైళ్లు దాచే డ్రైవ్ విడిగా ఊడి వచ్చే రకం అయితే, అంటే పట్టీలా ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీ గానీ, 2.5 అంగుళాల డ్రైవ్ గానీ ఉంటే, దాన్ని బయటికి తీసి, సరిపోయే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ను యూఎస్‌బీకి కలిపే పెట్టె) పెట్టి ఇంకో కంప్యూటర్‌కు తగిలించవచ్చు. ముందు డ్రైవ్ పిన్నుల మీద తడి, మరక లేవని చూసుకోండి. విండోస్‌లో బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. చాలామందికి అది వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది, ఫోన్ నుంచి లాగిన్ అయి తీసుకోవచ్చు.

ఇటీవలి మ్యాక్‌బుక్‌లలో స్టోరేజి బోర్డు మీదే టంకం పెట్టి, ఆ బోర్డుతోనే ముడిపడి ఉంటుంది. అక్కడ ఫైళ్లు రావాలంటే బోర్డునే బతికించాలి. బ్యాకప్ లేకపోతే ఆ మాట షాపులో అన్నిటికంటే ముందు చెప్పండి: "నాకు మెషీన్ కంటే డేటా ముఖ్యం, బోర్డు మార్చొద్దు."

రిపేర్ షాపులో

ఏం ఒలికింది, ఎంత, ఎప్పుడు, ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేశారు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి. సిగ్గుపడి "ఊరికే ఆగిపోయింది" అంటే వాళ్లు వేరే చోట వెతుకుతారు, నష్టం మీకే. చూడకుండానే "మదర్‌బోర్డు పోయింది, మార్చాలి" అంటే, బోర్డు తీసి శుభ్రం చేసి చూశారా అని అడగండి. శుభ్రం చేయకముందు, చేశాక ఫోటోలు అడగండి. మార్చిన పాత భాగాలు తిరిగి ఇమ్మనండి. కొత్త కీబోర్డు వేయిస్తే 9వ స్టెప్‌లో చెప్పిన కీల పరీక్ష అక్కడే, డబ్బు కట్టకముందే చేయండి.